కంపైలర్‌కు విత్తనం ఎక్కడిది?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సూటి రకం మిరప వేసిన రైతు తెగులు లేని మొక్కలను గుర్తుపెట్టుకుంటాడు. వాటి పండుకాయలను ఎండబెట్టి, మరుసటి ఏడాదికి విత్తనంగా దాచుకుంటాడు. విత్తనం నుంచి మొక్క, మొక్క నుంచి మళ్లీ విత్తనం! కంప్యూటర్‌లో కూడా ఇలాంటి సాగు జరుగుతుందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు.

కంప్యూటర్‌కు అర్థమయ్యేవి 0, 1 అంకెలతో ఉన్న ఆదేశాలే. అలా రాయడం మనకు కష్టం కనుక సి, సి++ వంటి భాషల్లో ప్రోగ్రాం రాస్తాం. మనం రాసినదాన్ని సోర్స్ అంటారు. దానిని యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. అయితే కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే కదా! మరి దాని సోర్స్‌ను యంత్రభాషలోకి మార్చినదెవరు? అంతకు ముందున్న మరో కంపైలర్. దానికి ముందు ఇంకొకటి. ఇలా వెనక్కి వెళితే, మనుషులే నేరుగా యంత్రానికి రాసి ఇచ్చిన తొలి ప్రోగ్రాముల దగ్గరకు చేరుకుంటాం.

1987లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే కంపైలర్‌ను సోర్స్‌తో సహా అందరికీ ఇచ్చాడు. దానిని మనమే తయారు చేసుకోవచ్చు. ముందుగా యంత్రంలో ఏదో ఒక సి++ కంపైలర్ ఉండాలి. అదే మన విత్తనం. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే మూడు గణిత లైబ్రరీలు కూడా కావాలి. ఆ తర్వాత మూడు ఆదేశాలు. ‘కాన్ఫిగర్’ మన యంత్రంలో ఏమేమి ఉన్నాయో పరీక్షిస్తుంది. విత్తే ముందు చేసే భూసార పరీక్ష వంటిదన్నమాట. ‘మేక్’ కంపైలర్‌ను తయారు చేస్తుంది. ‘మేక్ ఇన్‌స్టాల్’ దానిని తగిన చోట అమరుస్తుంది.

‘మేక్’ జరిగేటప్పుడే అసలు విశేషం ఉంది. పాత కంపైలర్ మొదటి తరం జీసీసీని తయారు చేస్తుంది. మొదటి తరం అదే సోర్స్ నుంచి రెండో తరాన్ని, రెండోది మూడో తరాన్ని తయారు చేస్తాయి. చివరకు రెండో తరాన్నీ మూడో తరాన్నీ పోల్చి చూస్తారు. రెండూ ఒకేలా ఉండాలి. సూటి రకం విత్తనం తల్లి గుణాన్నే నిలుపుకున్నట్లు! తేడా వస్తే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

తప్పులు వెతకడానికి జీడీబీ అనే సాధనం ఉంది. నడుస్తున్న ప్రోగ్రాంను అది మనం కోరిన వరుస దగ్గర ఆపి, లోపలి విలువలను చూపిస్తుంది. దానిని కూడా సోర్స్ నుంచి ఇలాగే తయారు చేసుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు? మిరపలో కాయకుళ్లు తెగులు విత్తనం ద్వారా కూడా వస్తుంది. పైకి గింజ బాగానే కనిపించవచ్చు. కంపైలర్ కూడా అంతే. యూనిక్స్ నిర్మాతల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో ఈ ప్రమాదాన్ని వివరించాడు. సోర్స్‌లో ఏ దోషమూ లేకపోయినా, పాత కంపైలర్‌లో దాగిన మోసం కొత్తదానిలోకి తరతరాలుగా పాకగలదు. దీనికి విరుగుడును 2009లో డేవిడ్ వీలర్ తన పరిశోధనా గ్రంథంలో చూపాడు. వేరే వంశానికి చెందిన కంపైలర్‌తో అదే సోర్స్‌ను మళ్లీ పండించి, ఫలితాలను పోల్చాలి. అయితే సోర్స్ చేతిలో ఉంటేనే ఈ పరీక్ష సాధ్యం.

తెలుగులో వాడుకోవడానికి రూపొందిన ‘స్వేచ్ఛ’ ఆపరేటింగ్ సిస్టం కూడా ఇలాంటి బహిరంగ సోర్స్ మీద నిర్మించినదే. మీ బడిలో కంప్యూటర్ ఉంటే, ఉపాధ్యాయుల అనుమతితో ఒక సెలవురోజు ప్రయత్నించండి. కొన్ని గంటలు పట్టవచ్చు. పాత కంపైలర్‌ను మాత్రం చెరపకండి. విత్తనపు గింజలను ఎవరైనా వండుకు తింటారా?