తెనాలి పాత రైలు స్టేషను

కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువలే తొలి రాజమార్గములు. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట ముగిసిన పిదప వాటిలో నీరే గాక పడవలును సాగెను. ధాన్యపు బస్తాలు, పెండ్లివారు, యాత్రికులు అందరికిని పడవయే గతి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన దినములలో ఆ గతియు లేదు.

1893లో కృష్ణపై రైలు వంతెన వెలసెను. 1899 నాటికి బెజవాడ, మద్రాసుల నడుమ రైలు మార్గము పూర్తి కాగా తెనాలి, బాపట్ల ఆ దారిలో మజిలీలైనవి. 1916లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు పట్టాలు పరచెను. అంతట తెనాలి జంక్షనయ్యెను. పొలములలో పండిన వడ్లు బియ్యమై దూరదేశములకు బండ్లమీద తరలెను.

స్టేషను ఊరికి ఉపకారియే. అయినను అది పరప్రభుత్వపు చేయి కూడ. పట్టాల వెంట సాగిన తంతి తీగలే అధికారుల ఆజ్ఞలను మోసెడివి. మద్రాసు నుండి కలకత్తాకు పోవు ప్రధానమార్గమిదియే. పైగా అది యుద్ధకాలము. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. ఇట్టి వేళ ఈ దారి తెగినచో దొరతనమునకు ఎంత ఇక్కట్టో ఊహింపవచ్చును.

ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానమయ్యెను. మరునాటి తెల్లవారుజామున గాంధీజీని నిర్బంధించిరి. ఆగస్టు 12న తెనాలి ప్రజలు వెల్లువవలె కదలి స్టేషనుకు నిప్పు పెట్టిరి. పోలీసులు తుపాకులు పేల్చిరి. ఏడుగురు నేలకొరిగిరి. ఈ దహనము అహింసామార్గమునకు తగునా యని వాదించువారు నేటికిని కలరు. వాదము న్యాయమైనదే. కాని కాలిన కట్టడమును మరల కట్టవచ్చును; ఆ యేడుగురి యిండ్లకు పోయినవారు తిరిగి రాలేదు. పట్టణములో రణరంగ చౌకు వారి స్మారకముగా నిలిచియున్నది.

కంపెనీ పేరు 1951లో మాసిపోయి దక్షిణ రైల్వే వచ్చెను. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడెను. రేపల్లె శాఖ మాత్రము నదిని దాటక నేటికిని అచ్చటనే ఆగుచున్నది. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినది. అయినను అచ్చటివారు తమ జిల్లా కేంద్రమునకు రైలున పోదలచినచో, గుంటూరు జిల్లాలోని తెనాలికి వచ్చి బండి మారవలసినదే.