కిలో ఆపిల్ పండ్లు, అరవై జతల బిస్కెట్లు

కోత పండుగ దగ్గర పడుతున్నదంటే మా స్త్రీల సమాజంలో ప్రతి సంవత్సరం ఒకే ప్రశ్న వస్తుంది. ఆరాధన ముగిశాక వచ్చినవారందరి చేతిలో ఏమి పెట్టాలి? కనిగిరిలో బేకరీలకు కొదువ లేదు. డబ్బు ఇస్తే పెట్టెలకు పెట్టెలు ఇస్తారు. కాని అది అందరికీ కుదిరే పని కాదని మాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మా వారపు కూడికలో టీ, ఫలహారం వంతుల ప్రకారం పెడతాము. మొదట్లో ఎవరింట్లో ఉన్నది వారు తెచ్చేవారు. వేయించిన శనగలు, జంతికలు, ఒక్కోసారి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఎవరు మొదలుపెట్టారో గాని పఫ్‌లు వచ్చాయి, తరువాత కేకు ముక్కలు వచ్చాయి. ఒకరిని చూసి మరొకరు. అందులో మా తప్పు కూడా ఉంది. ఆ రోజుల్లోనే ఒక అక్క రావడం మానేసింది. పత్తి తీతకు పోతున్నదేమో, సాయంత్రానికి అలసిపోతున్నదేమో అనుకున్నాము. రెండు నెలలు గడిచాక ఇంటికి వెళ్లి అడిగితే అసలు సంగతి చెప్పింది. తరువాతి వంతు ఆమెది. ఆ ఏడు వాన లేక కంది పూతలోనే ఎండిపోయింది.

"ఒట్టి చేతుల్తో ఎట్టా వచ్చేదమ్మా?" అన్నది.

మేము మాట్లాడలేకపోయాము. ఆమె మాత్రం మమ్మల్ని ఊరికే పంపకూడదని గూటిలో ఉన్న రెండు ఆపిల్ పండ్లు తీసింది. బెంగుళూరులో కట్టడం పనికి పోయిన కొడుకు మొన్న వచ్చినప్పుడు తెచ్చినవి. చుట్టాలు వస్తే పెడదామని దాచిందట, తొక్క ముడతలు పడింది. ముక్కలు కోస్తే మా నలుగురికే చాలవు. "కజ్జికాయలో కొబ్బరి పెడతామే, అట్టా దీన్ని ఉడకేసి లోపల పెడితే?" అన్నది ఆమే. ఈ వ్యాసంలో చెప్పబోయే బిస్కెట్లు ఆ మాటలోనుండి పుట్టినవే. కజ్జికాయలు చేస్తే నూనె ఖర్చు ఎక్కువ గనుక బిస్కెట్ల వైపు తిరిగాము.

ఆపిల్ మన నేలలో పండే పండు కాదు. ఆ చెట్టుకు చలికాలం నిజమైన చలి కావాలి. మనకు వచ్చేవి ఎక్కువగా కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ పండ్లు. ఆగస్టు నుండి అక్టోబరు దాకా అక్కడ కోత, అందుకే ఆ రోజుల్లో మన తోపుడు బండ్ల మీద కూడా కొంచెం చవకగా దొరుకుతాయి. హిమాచల్‌లో ఈ తోటలు విస్తరించడం వెనుక ఒక కథ ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్ అనే యువకుడు 1904లో కుష్ఠురోగులకు సేవ చేయడానికి సిమ్లా కొండలకు వచ్చి, కోట్‌గఢ్ ప్రాంతంలో స్థిరపడి, 1916లో రెడ్ డెలిషియస్ అనే రకం మొక్కలు తెప్పించి నాటారు. చుట్టుపక్కల రైతులకు మొక్కలు ఇచ్చి నేర్పించారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్లారు. 1932లో ఆయన హిందూమతం స్వీకరించి సత్యానంద్ అయ్యారు. అది చెప్పకుండా దాటవేయడం మాకు న్యాయమనిపించలేదు. ఇంకొక చిన్న మాట. ఇంగ్లీషు బైబిలులో ఆపిల్ చెట్టు అని ఉన్నచోట మన తెలుగు బైబిలులో జల్దరు వృక్షము అని ఉంటుంది. ఇక ఏదెను తోటలోని పండు ఆపిల్ అని లేఖనంలో ఎక్కడా లేదు, బొమ్మలు గీసేవారు పెట్టినదే!

బిస్కెట్ల లోపలి ముద్దకు మొదటి రకం పండ్లు అక్కరలేదు. పిండిపిండిగా మారినవి, దెబ్బ తగిలినవి, సాయంత్రం బండివాడు తగ్గించి ఇచ్చేవి చాలు. కుళ్లిన భాగం ఉంటే మాత్రం లోతుగా కోసి పారవేయాలి. మెరుపు కోసం మైనం పూసిన పండ్లు ఉంటాయి గనుక తొక్క తీయడమే మంచిది. గింజలు ఏరివేయండి, అవి తినకూడదు. కిలో పండ్లను సన్నగా తరిగి వెంటనే ఒక నిమ్మకాయ పిండితే రంగు మారదు. అర గ్లాసు నీళ్లు పోసి, మందపాటి గిన్నెలో మూత పెట్టి మెత్తబడేదాకా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, మూడు వందల గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేయాలి. ఇక్కడి నుండి మంట సన్నగా ఉండాలి, చేతిలో పొడవాటి గరిటె ఉండాలి. ముద్ద చిట్లి మీద పడుతుంది, పిల్లలను దగ్గరకు రానీయవద్దు. అరగంటకు పైగానే పడుతుంది. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ దారి వెంటనే మూసుకుపోకుండా ఉండాలి. అప్పుడు దించి దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, నాలుగు లవంగాల పొడి, శొంఠి అర చెంచా, జాజికాయ గీరి చిటికెడు కలపాలి. జాజికాయ ఎక్కువైతే మందు వాసన వస్తుంది. పంచదారకు బదులు బెల్లం వేస్తే రంగు నల్లబడుతుంది, రుచి మాత్రం మాకు అదే నచ్చింది.

మొదటిసారి మేము తొందరపడి పలుచగా ఉండగానే దించాము. రాత్రి బిస్కెట్లలో పెట్టి డబ్బాలో సర్దితే తెల్లవారేసరికి అన్నీ పాలలో ముంచినట్టు మెత్తబడి కూర్చున్నాయి. పైగా తుఫాను ముసురు. మన వైపు అక్టోబరు, నవంబరు నెలల గాలిలోనే తేమ ఉంటుంది. అప్పటి నుండి బిస్కెట్లు వేరే బిగుతు డబ్బాలో, ముద్ద వేరే సీసాలో ఉంచి, కూడిక రోజు ఉదయమే జతలు కడుతున్నాము. ఫ్రిజ్ లేని ఇంట్లో ముద్దను రెండు రోజులకు మించి ఉంచవద్దు.

బిస్కెట్ పిండికి మైదా నాలుగు వందల గ్రాములు, సజ్జపిండి వంద గ్రాములు తీసుకుంటాము. మన మెట్ట పొలాల సజ్జ వేస్తే బిస్కెట్ గుల్లగా వస్తుంది. అయితే సజ్జపిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది గనుక అప్పటికప్పుడు పట్టించినదే వాడాలి. ఇందులో ఒక చెంచా బేకింగ్ పౌడరు, రెండు వందల గ్రాముల పంచదార పొడి, పావు కిలో వెన్న గాని నెయ్యి గాని వేసి వేళ్లతో పొడిపొడిగా కలిపి, రెండు మూడు చెంచాల పాలతో ముద్ద చేయాలి. చపాతీ పిండిలా పిసికితే సాగుడు వచ్చి బిస్కెట్ గట్టిపడుతుంది. ఒత్తి, సీసా మూతతో గుండ్రంగా కోసి, ఫోర్కుతో రెండు గాట్లు పెడితే ఉబ్బకుండా ఉంటాయి.

ఓవెన్ ఉన్నవారికి చెప్పేదేమీ లేదు. లేనివారు పాత ప్రెషర్ కుక్కరు తీసుకోండి. నీళ్లు లేకుండా కాల్చడం వలన పాత్ర రంగు చెడుతుంది, కొత్తది పాడుచేసుకోవద్దు. రబ్బరు, వెయిట్ రెండూ తీసివేయడం మరువకూడదు. అడుగున కిలో కళ్లుప్పు పోసి, దాని మీద ఒక స్టాండు పెట్టి, మూత వేసి పావుగంట వేడెక్కనివ్వాలి. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు ఎడంగా పేర్చి లోపల పెట్టి, సన్నని మంట మీద పదిహేను నిమిషాలు ఉంచాలి. అంచులు లేత ఎరుపు తిరగగానే తీయాలి. అప్పుడు చేతికి మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ఇది తెలియక గట్టిపడేదాకా ఉంచి ఒక వాయి అంతా అడుగున బొగ్గు చేశాము.

ఈ కొలతకు నూట ఇరవై బిస్కెట్లు, అనగా అరవై జతలు అవుతాయి. లోపల ఒక చిన్న చెంచా ముద్ద చాలు. ముక్కలు కోస్తే పదిమందికి సరిపోని కిలో పండ్లు అరవైమందికి వస్తాయి. కాని ప్రియ సహోదరీలారా, ఒక కష్టం దాచకుండా చెప్పాలి. కుక్కరులో వాయికి ఎనిమిది, పది మాత్రమే పడతాయి. ఒక్కరే చేస్తే మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా పొయ్యి దగ్గరే. అందుకే మేము రెండు పొయ్యిలు, రెండు కుక్కర్లు పెట్టి నలుగురం కూర్చుంటాము. పిండి ఒకరిది, పండ్లు ఒకరివి, నెయ్యి ఒకరిది. పెద్ద కూడికైతే బేకరీవారిని అడిగి చూడండి, వారి పని అయిపోయాక వేడి తగ్గుతున్న ఓవెనులో ట్రేలు పెట్టనిచ్చేవారు కొందరుంటారు.

ఆపిల్ దొరకనిచోట జామకాయ ఇంకా బాగా గట్టిపడుతుంది, గింజలు వడకట్టుకుంటే చాలు. వెలగపండు గుజ్జు బెల్లంతో బ్రహ్మాండంగా ఉంటుంది. సీతాఫలం మాత్రం వద్దు, వేడి చేస్తే చేదవుతుంది. ఇది మేము మూడు పండ్లు నష్టపోయి నేర్చుకున్నది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఒక జత కూడా ఎక్కువే, వారికి వేయించిన శనగలు వేరుగా ఉంచడం మంచిది.

ఆ అక్క వంతు కోత పండుగ ముందు వారమే వచ్చింది. కాల్చింది ఆమె ఇంటి వసారాలోనే. ఆమె ఇచ్చింది సజ్జపిండి, పొయ్యి, ఒక మధ్యాహ్నం. పండుగ రోజున మిగిలిన పళ్లెం గుమ్మడికాయలు, కోడిపుంజులతోపాటు వేలంలోకి పోయింది. కొన్నవారు అక్కడే పిల్లలకు పంచేశారు. కాల్చిన ఉప్పు కూరకు పనికిరాదు గాని మళ్లీ వేడి చేయడానికి పనికొస్తుంది. దానిని ఆమె డబ్బాలో పోసి గూటిలో పెట్టింది, మొన్నటి వాయికి కూడా అదే ఉప్పు.