చౌక విమాన టికెట్: చూపించే ధర, చివరికి కట్టే ధర

ఆమధ్య శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ వరుసలో నా ముందు ఒక నడివయసు మనిషి నిలబడ్డాడు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చాడు. సెలవు ముగించుకుని గల్ఫ్‌లో పనికి తిరిగి వెళ్తున్నాడు. ఆయన పెట్టె అనుమతి ఉన్న బరువు కంటే నాలుగు కిలోలు ఎక్కువ తూగింది. కౌంటర్‌లో చెప్పిన మొత్తం విని ఆయన వాదించలేదు. పెట్టెను పక్కకు లాగి, నేల మీదే విప్పి, మామిడికాయ పచ్చడి డబ్బా, సకినాల పొట్లం, కొత్త దుప్పటి తీసి పక్కన పెట్టాడు. "చౌక టికెట్ అని ఏజెంట్ చెప్పాడు భాయ్" అన్నాడు నావైపు చూసి. నా పెట్టెలో చోటుంది. కానీ ఇతరుల వస్తువులు మన సామానులో పెట్టుకోకూడదన్నది విమానాశ్రయంలో మొదటి నియమం. ఏమీ చేయలేకపోయాను.

ఏజెంట్ అబద్ధం చెప్పలేదు. టికెట్ చౌకదే. ఆ ధరలో ఏముంది, ఏది లేదు అన్న సంగతే ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ధర ముక్కలైన కథ

ఒకప్పుడు విమాన టికెట్ అంటే సీటు, భోజనం, పెట్టె అన్నీ కలిపి ఒకే ధర. తక్కువ ఖర్చుతో విమానాలు నడపవచ్చని 1971లో అమెరికాలో మొదలైన సౌత్‌వెస్ట్ చూపించింది. ఒకే రకం విమానాలు, దిగిన అరగంటలో మళ్లీ ఎగరడం, ఆర్భాటాలు లేని సేవ దాని పద్ధతి. యూరప్‌లో రయాన్ఎయిర్ ఆ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లి, టికెట్‌లోంచి ఒక్కొక్క సౌకర్యాన్నీ విడదీసి అమ్మింది. మన దేశంలో కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్‌తో ఈ దారి వేశారు. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చాయి. అంతవరకు రైలు తప్ప ఎరగని లక్షల మంది విమానం ఎక్కగలిగారు. ఆ మేలును కాదనలేం.

విడదీసి అమ్మడంలో న్యాయం కూడా లేకపోలేదు. చేతిసంచితో వెళ్లేవాడు పక్కవాడి పెద్ద పెట్టె ఖర్చు ఎందుకు మోయాలి? సీటు ఎంపిక, భోజనం, సామాను వంటి వాటికి వేరుగా రుసుం తీసుకోవడానికి పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, 2015లో అనుమతించింది. చెక్-ఇన్ సామాను లేనివారికి ఇంకా తక్కువ ధరకు టికెట్ ఇవ్వవచ్చని 2021లో చెప్పింది.

చిక్కు ఇంకోచోట ఉంది. మనం ఫోన్‌లో వెతికినప్పుడు అతి తక్కువ అంకె పైన కనిపిస్తుంది. అందుకే ప్రతి సంస్థా ఆ అంకెను తగ్గించి, మిగతాదంతా తర్వాతి పేజీల్లోకి నెడుతుంది. పోటీ పైకి కనిపించే ధరలోనే జరుగుతుంది, రాబడి కనిపించని ధరలో వస్తుంది. పెట్టెలకు రుసుం తీసుకోమని దశాబ్దాలపాటు గర్వంగా చెప్పుకున్న సౌత్‌వెస్ట్ కూడా 2025 మేలో ఆ మాట వదులుకుంది.

సీటు కొనకపోతే నిలబడాలా?

టికెట్ కొంటున్నప్పుడు విమానం బొమ్మ తెరుచుకుంటుంది. సీట్లన్నిటి మీదా ధరలుంటాయి. ఒకటి కొంటేనే ముందుకు వెళ్లగలమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మనం కట్టిన ఛార్జీలోనే ఒక సీటు ఉంది. అదనపు డబ్బు ఫలానా సీటే కావాలని కోరుకున్నందుకు మాత్రమే. ఆ పేజీలో ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో "స్కిప్" అని ఉంటుంది. అది నొక్కి ముందుకు వెళ్లవచ్చు. తర్వాత వెబ్ చెక్-ఇన్‌లోనో, కౌంటర్‌లోనో సంస్థే ఒక సీటు ఇస్తుంది.

అలా వచ్చేది ఎక్కువగా మధ్య సీటే. కుటుంబం విడివిడిగా కూర్చోవలసి రావచ్చు. ఆ భయమే చాలామంది చేత డబ్బు కట్టిస్తుంది. ఇందులో పిల్లల విషయం తేలిపోయింది. 12 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. అయితే ఇద్దరి టికెట్టూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. తండ్రికి ఒకచోట, తల్లీపిల్లలకు మరోచోట టికెట్లు కొంటే పిల్లవాణ్ణి తండ్రి పక్కన కూర్చోబెట్టమని అడిగే హక్కు పోతుంది.

వృద్ధులకు అలాంటి నియమం లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మీకో, తరచూ లేవవలసిన నానాకో నడవ పక్క సీటు కొనడం వృథా ఖర్చు కాదు. కాళ్లు చాపుకోవచ్చని అత్యవసర ద్వారం దగ్గరి సీటు మాత్రం వారికి కొనకండి. వృద్ధులను, గర్భిణులను, పిల్లలను అక్కడ కూర్చోనివ్వరు.

ఒక కుటుంబం లెక్క

భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, నానీ కలిసి హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్నారనుకుందాం. అంకెలు ఉదాహరణకే. తలకు రూ. 4,500 చొప్పున నలుగురికి రూ. 18,000 అని కనిపించింది. సీట్లకు తలా 350, భోజనానికి 400, బీమాకు 200, కన్వీనియన్స్ ఫీజు 350. ఇవన్నీ కలిస్తే అదనంగా రూ. 5,200. మొత్తం రూ. 23,200 అయింది. అంటే చూపిన ధర మీద దాదాపు 29 శాతం ఎక్కువ.

అదే కుటుంబం నానీకి మాత్రమే సీటు కొని, పాపను ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంచి, ఇంటి నుంచి రొట్టెలు కట్టుకుని, బీమా వద్దనుకుంటే కన్వీనియన్స్ ఫీజుతో కలిపి రూ. 19,750తో పని అయిపోతుంది. ఎక్కిందీ అదే విమానం, దిగిందీ అదే సమయం. మిగిలింది రూ. 3,450.

అసలు దెబ్బ సామాను దగ్గరే

దేశీయ విమానాల్లో సాధారణ టికెట్‌కు ఎక్కువగా 15 కిలోల చెక్-ఇన్ సామాను, 7 కిలోల చేతిసంచి అనుమతిస్తారు. గల్ఫ్ దారుల్లో సంస్థను, టికెట్ రకాన్ని బట్టి 20 కిలోలు కావచ్చు, 30 కావచ్చు. పోయినసారి 30 ఇచ్చారని ఈసారీ ఇస్తారనుకోకూడదు. అదనపు బరువును ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది. కౌంటర్ దగ్గర కిలోకు ఇన్ని వందలని కట్టాలి. ఇంట్లో తూకం వేసుకోవడానికి కొక్కెం కాటా చాలు.

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్‌కు మరో టికెట్ విడిగా కొన్నవారు ఇంకా జాగ్రత్త పడాలి. మొదటి విమానంలో దేశీయ పరిమితే వర్తిస్తుంది. రెండో టికెట్‌లోని 30 కిలోలు అక్కడ పనికిరావు.

ఉమ్రా నుంచి తిరిగి వచ్చేవారు జమ్‌జమ్ నీళ్లు పెట్టెలో బట్టల మధ్య పెట్టకూడదు. ప్రత్యేకంగా కట్టి అమ్మే 5 లీటర్ల పెట్టెగానే తీసుకెళ్లాలి. అది ఉచితమా, బరువులో కలుపుతారా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. బయల్దేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

నియమం మన పక్షాన ఉన్నచోట్లు

అదనపు సేవ ఏదైనా మనం కోరితేనే చేర్చాలి. వారే ముందుగా టిక్ పెట్టి, వద్దంటే తీసేసుకోమనడం కుదరదు. మనం అడగనిది బిల్లులో చేర్చడం, ధరను చివరిదాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడం వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో తప్పుడు పద్ధతులుగా ప్రకటించిన 13 అంశాల్లో ఉన్నాయి.

విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు వేరే డబ్బు అడగకూడదని పౌర విమానయాన శాఖ 2022 జూలైలో స్పష్టం చేసింది. తిరిగి ఇవ్వబడని టికెట్ రద్దు చేసుకున్నా అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. సంస్థ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్న దేశీయ టికెట్‌ను, ప్రయాణం కనీసం వారం దూరంలో ఉంటే, కొన్న 48 గంటల్లోపు ఛార్జీ లేకుండా రద్దు చేసుకోవచ్చు. అలా కొన్న టికెట్‌లో 24 గంటల్లోపు చూపితే పేరులో అక్షర దోషం దిద్దినందుకూ డబ్బు తీసుకోరాదు. పాస్‌పోర్టులో ఒకలా, టికెట్‌లో మరోలా పేర్లు పడే మనవాళ్లకు ఇది చాలా అవసరం.

అన్యాయం జరిగిందనిపిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. ఫలితం లేకపోతే ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు, తెర ఫోటో దాచుకోండి.

కొనిపెట్టే చేతిదే బాధ్యత

చదువుకుని, తరచూ తిరిగేవారికి ఈ మెలకువలు తెలుసు. వారు తక్కువే కడతారు. మొదటిసారి ఎక్కేవారు, తెరపై ఇంగ్లీషు చదవలేనివారు, ఏజెంట్ మాట మీద ఆధారపడే కూలీలు కౌంటర్ దగ్గర అత్యధిక ధర కడతారు. లేదా ఇంటి నుంచి తెచ్చుకున్నది అక్కడే వదిలేస్తారు.

ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది బంధువులకు, చికిత్సకు వెళ్లే పొరుగువారికి, చదువుకునే పిల్లలకు టికెట్లు కొనిపెట్టినవారే. ఈసారి డబ్బు కట్టేముందు నాలుగు మాటలు అడగండి: సామాను ఎన్ని కిలోలు? వెంట పిల్లలు, వృద్ధులు ఉన్నారా? అందరూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్నారా? అడగనిది ఏదైనా బిల్లులో చేరిందా? కొన్నాక, అనుమతి ఉన్న బరువును తెలుగులోనో ఉర్దూలోనో వారి ఫోన్‌కు ఒక్క వాక్యంలో పంపండి.

ఆ నిజామాబాద్ మనిషికి అలాంటి వాక్యం ఒక్కటి ముందురోజు అంది ఉంటే, ఇంట్లో కట్టి ఇచ్చిన పచ్చడి డబ్బా ఆయనతోపాటే గల్ఫ్ చేరేది.