డ్రిప్పు పైపుల్లో మడ్డి: రంగు చూస్తే కారణం తెలుస్తుంది

డ్రిప్పు వేసిన కొత్తలో చెట్టుచెట్టుకూ నీరు సమానంగా పడుతుంది. రెండేళ్లు గడిచేసరికి లైను చివరి చెట్లు వడలిపోతుంటాయి. పైపులు నాసిరకమనుకుని కొత్తవి కొనే ముందు ఒక డ్రిప్పరు విప్పి, లోపల పేరుకున్న మడ్డి రంగు చూడండి.

తెల్లగా, గట్టిగా ఉంటే అది సున్నం. బోరునీటిలోని బైకార్బొనేట్లు ఎండకు పైపు కాగినప్పుడు సున్నంగా మారి రంధ్రాలను పూడ్చేస్తాయి. దానిపై యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ఇలాంటి నీటిలో భాస్వరం ఎరువులు వదిలినా తెల్లమడ్డి దిగుతుంది. తుప్పురంగు ఉంటే నీటిలో ఇనుము ఉన్నట్లు. ఆ నీటిని తొట్టిలోకి పైనుంచి పడేలా వదిలి, తేరుకున్నాక వాడాలి. పచ్చగా, జారుడుగా ఉంటే పాచి. తొట్టిపై ఎండ పడకుండా కప్పాలి. ఇసుక, బురద కనిపిస్తే ఫిల్టరు కడగాలి.

సున్నానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడాలి. మోతాదు నీటిని బట్టి మారుతుంది. బకెట్ నీటిలో కొద్దికొద్దిగా కలుపుతూ, ఉదజని సూచిక 4కు దిగే మోతాదును రంగు కాగితంతో తెలుసుకోవాలి. ఆ లెక్కన లైను నింపి, 24 గంటలు ఆపి, చివరి మూతలు తీసి తేటనీరు వచ్చేదాకా వదలాలి.

యాసిడ్‌నే నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో పోయరాదు. బ్లీచింగ్ పౌడరుతో యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పనికి దిగొద్దు.

పదిహేను రోజులకోసారి మూతలు తీసి లైను కడిగే రైతుకు యాసిడ్ అవసరం తక్కువే.