మోగని హెచ్చరిక

సంత్రాగాఛి (హౌరా): వలస పక్షులు సంత్రాగాఛి చెరువును విడిచి వెళ్లిన కొద్ది వారాలకే అక్కడి ఆకాశంలో వాయవ్య దిశ నుంచి కారుమేఘాలు లేస్తాయి. ఛోటానాగపూర్ పీఠభూమి వైపు నుంచి బెంగాల్ మైదానంపై విరుచుకుపడే ఈ గాలివానే కాలబైశాఖి. ఎండలకు మాడిన జనానికి అది ఊరట. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని డమ్‌డమ్ విమానాశ్రయంలో దిగవలసిన పైలట్లకు గండం. 1953 మే 2న అక్కడి నుంచి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ జెట్ విమానం ఆరు నిమిషాలకే గాలివానలో చిక్కి కూలగా 43 మంది మరణించారు.

నేలకు చేరువలో గాలి వేగం, దిశ హఠాత్తుగా మారిపోవడాన్ని ‘విండ్ షియర్’ అంటారు. ఉరుముల మేఘం నుంచి దిగిన చల్లగాలి నేలను తాకి నలుదిక్కులా చిమ్ముతుంది. దిగుతున్న విమానానికి మొదట ఎదురుగాలి తగిలి లేపుతుంది. ఆ వెంటనే వెనుకగాలి తగిలి వేగం పడిపోతుంది. తేరుకోవడానికి ఉండే వ్యవధి కొన్ని సెకన్లే.

దీనిని పసిగట్టే పరికరాలను అమర్చాలని అమెరికా 1988లో ఆదేశించింది. అయితే పరీక్ష కోసం ప్రతిసారీ విమానాన్ని తుపాను నోట్లోకి పంపలేరు. సిమ్యులేటర్‌లోనైతే ఒకే గాలిని వందసార్లు సృష్టించవచ్చు.

ఆ పరీక్ష ఎంత లోతుగా సాగాలో 1994 జూలై 2న షార్లెట్‌లో 37 మందిని బలిగొన్న డీసీ-9 ప్రమాదం చెబుతుంది. విమానంలో హెచ్చరిక పరికరం ఉంది, అది మోగలేదు. రెక్కల వెనుక ఫ్లాప్స్ కదులుతున్నప్పుడు అనవసరంగా మోగకుండా దాని సాఫ్ట్‌వేర్ సున్నితత్వాన్ని తగ్గించారని దర్యాప్తులో తేలింది. ‘నాన్నా పులి’ కథ కాకూడదన్న జాగ్రత్తే అది; కానీ నిజంగా పులి వచ్చింది ఆ వేళలోనే. దిగడం మానుకుని పైకి లేవబోతూ పైలట్లు ఫ్లాప్స్ ముడుస్తున్నారు. హెచ్చరిక వినిపిస్తే ఫ్లాప్స్‌ను కదపకుండా, ఇంజన్లకు పూర్తి శక్తినివ్వాలన్నది శిక్షణలో నేర్పే పాఠం. పరికరం మౌనంగా ఉండటంతో ఆ పాఠం అక్కరకు రాలేదు.

తరువాత వచ్చిన రాడార్లు విండ్ షియర్‌ను ముందుగానే చూడగలవు. అయితే అవి ప్రధానంగా వాన చినుకుల ప్రతిధ్వనిపై ఆధారపడతాయి. కాలబైశాఖిలోనేమో తరచు వానకంటే ముందు దుమ్ముగాలి దూసుకువస్తుంది. చినుకు పడకముందు వచ్చే ఆ పొడి గాలిని సిమ్యులేటర్‌లో ప్రత్యేకంగా సృష్టించి, ఫ్లాప్స్ కదులుతున్న స్థితిలో సైతం పరికరాలను పరీక్షించడం అవసరం.