మీ ముత్తవ్వ పేరేంది? ఉదయగిరి, ఆత్మకూరు పాత రికార్డుల్లో మనవాళ్ళని వెతకడం ఎలా

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు, ఫోన్‌లో చార్జింగ్ చూసుకుని కూర్చోండి.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా తాత వాళ్ళ నాన్న పేరు వరకు తెలుసు, ఆ పైన ఏమీ తెలియదు, ఎక్కడ వెతకాలి?" సినిమాల్లో చూపించినట్టు ఒక పెద్ద పుస్తకం, దాంట్లో మన వంశవృక్షం మొత్తం గీసి ఉండటం, అలాంటిది ఎక్కడా లేదు. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు పాత రికార్డులు చాలానే ఉన్నాయి. కానీ అవి మన కోసం రాసినవి కావు, శిస్తు వసూలు కోసం రాసినవి. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. శిస్తు కట్టేది భూమి మీద కాబట్టి, రికార్డులో భూమి ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. అందుకే పేరు పట్టుకుని వెతకొద్దు. సర్వే నెంబర్ పట్టుకుని వెతకండి.

మా కంప్యూటర్ భాషలో చెప్పాలంటే సర్వే నెంబరే ప్రైమరీ కీ. పేరు మారుతుంది, ఇంటిపేరు ఒక చోట ఉంటుంది, ఇంకో చోట ఉండదు, ఒకే ఊళ్ళో ఐదుగురు సుబ్బయ్యలుంటారు. సర్వే నెంబర్ మాత్రం తరాల తరబడి అదే.

మొదటి మెట్టు అందరికీ తెలిసిందే. మీభూమిలో అడంగల్, 1బి తీసి మీ ఇంట్లో వాళ్ళ పేరు మీద ఉన్న నెంబర్లన్నీ రాసుకోండి. భూమి అమ్మేసుకున్నా పర్లేదు, ఒకప్పుడు మనది అని పెద్దోళ్ళు చెప్పే చేను నెంబర్ కనుక్కోండి. తర్వాత తహసీల్దార్ ఆఫీసు. అక్కడ అడగాల్సింది ఆర్.ఎస్.ఆర్., అంటే బ్రిటిష్ వాళ్ళ కాలంలో తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. దాన్నే డైగ్లాట్ అని కూడా అంటారు. అందులో ప్రతి నెంబర్ ఎదురుగా అప్పటి పట్టాదారు పేరు ఉంటుంది. దాని తర్వాత పాత 10(1) లెక్క, పాత అడంగళ్ళు. కాపీ కోసం మామూలుగా అర్జీ పెట్టుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు రావాలి.

కొన్ని చోట్ల పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు మాత్రమే ఉంటాయి. అప్పుడు ఎవరిదో తేల్చలేక గుమస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. వీటినే మనోళ్ళు చుక్కల భూములు అంటారు. నూరేళ్ళ తర్వాత ఆ చుక్కల వల్ల అమ్ముకోలేక, లోన్ రాక జనం తిరిగితే, చివరికి 2017లో దానికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. మీ ముత్తాత పేరు ఉండాల్సిన చోట మూడు చుక్కలు కనిపిస్తే ఎట్టుంటుందో ఆలోచించండి.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత లెక్కల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, ఫసలీ ఉంటుంది. ఫసలీకి 590 కలపండి. 1345 ఫసలీ అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. దస్తావేజుల్లో తెలుగు సంవత్సరం పేరు కూడా రాస్తారు, అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. మా అవ్వ "మనోళ్ళు ధాత కరువులో ఈ ఊరికి వచ్చారంట" అనేది. అది 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువు. అంటే ఆ ఒక్క మాటతో మా వాళ్ళు ఊరు మారిన కాలం దొరికింది, ఏ కాగితమూ లేకుండా. మీ ఇంట్లో ముసలోళ్ళు ఇలాంటి మాటలంటే చాదస్తం అనుకోకండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మా ముత్తవ్వ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ ఆమెని "ఆత్మకూరామె" అనేవాళ్ళు. మన వైపు అంతే కదా, కోడలు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే ఆమె పేరు. ఉదయగిరి పక్కన మా ఊళ్ళో ఆమె యాభై ఏళ్ళు కాపురం చేసింది. ఆర్.ఎస్.ఆర్.లో లేదు, అడంగల్లో లేదు, ముత్తాత పేరు పక్కన "వగైరా" అని ఉంది, అంతే. ఆ వగైరాలో ఉందేమో మరి!

దొరికింది రిజిస్ట్రార్ ఆఫీసులో. ఆడవాళ్ళ పేర్లు వెతకాల్సిన చోటు అదే అని నేను గట్టిగా చెప్తా. ఎందుకంటే పెళ్ళికి కూతురికి పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చే పద్ధతి మన దగ్గర చాలా పాతది. అది రిజిస్టర్ అయితే అందులో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, రెండు ఊర్లు, అన్నీ ఉంటాయి. ఒక్క కాగితంలో రెండు కుటుంబాలు.

వెతికే పద్ధతి ఇది. ఆన్‌లైన్‌లో ఈసీ దాదాపు 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి ఆఫీసులో చేత్తో వెతకాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. దానికి రెండు సూచికలు, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో, అంటే ఊరు, నెంబర్లతో. ఈ పుస్తకం, దీని సూచికలు ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు, సెక్షన్ 57లో ఉంది. వీలునామాల పుస్తకం వేరు, దానికి రూల్స్ కూడా వేరు. నేను రెండో సూచిక పట్టుకున్నా. అవ్వ చెప్పిన చేను నెంబర్, 1930ల నుంచి ఏడాదికో ఫీజు కట్టుకుంటూ పోతే, ధాత నామ సంవత్సరం, 1936లో దొరికింది. ఆత్మకూరు వైపు ఒక తండ్రి తన కూతురికి ఎకరా ఇరవై సెంట్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. ఆమె పేరు ఇక్కడ చెప్పను, ఇంటి సంగతి. కానీ ఆ పేరు చదివినప్పుడు మా నాన్న కాసేపు మాట్లాడలేదు.

దాంతో ఇంకో సమస్య కూడా బయటికొచ్చింది. ఆ ఎకరా ఇరవై సెంట్లు తర్వాత అడంగల్లో ముత్తాత పేరుకి, అక్కడి నుంచి తాతకి, ఇప్పుడు మా నాన్నకి వచ్చింది. అది ఆమె సొంత ఆస్తి అయితే, ఆమె కూతురి సంగతేంది? అంటే మా నాన్న మేనత్త. ఆమె పిల్లలు ఇప్పుడు నెల్లూరులో ఉన్నారు, వాళ్ళకి ఈ కాగితం గురించి తెలియదు. నేను చూపించాలన్నా. నాన్న సరే అన్నాడు, బాబాయి ఊరుకోమన్నాడు. ఇంకా తేలలేదు. పాత రికార్డులు తవ్వితే గొప్పలే దొరుకుతాయని అనుకోకండి, బాకీలు కూడా దొరుకుతాయి.

ముత్తాత తమ్ముడిది ఇంకో దారి. ఆయన పొట్ట చేతపట్టుకుని మద్రాసు పోయాడు. అప్పట్లో నెల్లూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది, 1953 అక్టోబర్ 1 దాకా. పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు ఉండేవి, 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది అక్కడి కార్మికులతోనే. ఆ మిల్లులు 1996లో మూతపడ్డాయి. "మిల్లు రికార్డులు ఎక్కడున్నాయి?" అని అందరూ అక్కడికే పరిగెత్తుతారు. నా మాట వినండి, పట్నంలో కాదు, ఊళ్ళో వెతకండి. ఊరు వదిలి పోయినవాడు తన వాటా ఎప్పుడో ఒకప్పుడు అన్నకో పక్కవాడికో అమ్ముతాడు, లేదా తాకట్టు పెడతాడు. ఆ దస్తావేజులో "ప్రస్తుతం పెరంబూరులో కాపురం, మిల్లు కూలి" అని ఉంటుంది. మా చిన్నముత్తాత అలాగే దొరికాడు. ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, రెవెన్యూ బోర్డు కాగితాలు అక్కడున్నాయి. అద్భుతమైన చోటు. కానీ అవి కలెక్టర్లు రాసుకున్న ఉత్తరాలు. మీ ఊరి కథకి పనికొస్తాయి, మీ తాత పేరుకి కాదు. చివర్లో వెళ్ళండి.

ఇప్పటిదాకా చెప్పిందంతా భూమి ఉన్నవాళ్ళ కథ. భూమి లేనివాళ్ళ సంగతి? నిజం చెప్పాలంటే రెవెన్యూ రికార్డు వాళ్ళని చూడనే లేదు. మాల, మాదిగ కుటుంబాలకి చాలా చోట్ల చర్చి రిజిస్టర్లే ఆధారం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకి 1840లో వచ్చింది, ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో స్టేషన్లు పెట్టింది. బాప్తిస్మం, పెళ్ళి, చావు, అన్నీ చర్చి రిజిస్టర్లలో రాసుకునేవాళ్ళు. మీ ఊరి పాత చర్చిలో పాస్టర్ గారిని అడగండి. ఎరుకల కుటుంబాల పేర్లు ఇంకో రకం పుస్తకాల్లో ఉన్నాయి, నేరస్థ జాతుల చట్టం కింద పోలీసులు రాసుకున్నవి. 1952లో ఆ చట్టం పోయింది. మనవడు తాత పేరు అలాంటి పుస్తకంలో వెతుక్కోవాల్సి రావడం ఏం బాగుంటుంది చెప్పండి.

కమ్మరి, మంగలి, చాకలి, పూజారి, దర్గా ముజావర్, ఇలా ఊరి సేవకి ఇనాం భూమి ఉన్న కుటుంబాలైతే మీరు అదృష్టవంతులు. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ రాసింది. అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడితో చుట్టరికం, వారసులు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఒక్క పేజీలో మూడు తరాలు దొరకొచ్చు.

"మేము కృష్ణదేవరాయలతో పాటు వచ్చినోళ్ళం" అని మన ఉదయగిరి వైపు ప్రతి రెండో ఇంట్లో అంటారు. రాయలు 1514లో ఈ కోట పట్టుకున్న మాట నిజం. మీ ఊళ్ళో శాసనం ఉందేమో చూడాలంటే 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు ఉన్నాయి. కానీ 1514కీ మీ ముత్తాతకీ మధ్య వంతెన కట్టే కాగితం దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. దానికంటే మీ ఊరికి వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవాళ్ళు ఇంకా వస్తున్నారా అని కనుక్కోండి, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, అంతా నోటికి చెప్తారు. నమ్మాలా అంటే, సగం. మిగతా సగం రికార్డుతో సరిచూసుకోవాలి.

తొందర ఎందుకంటే రెండు కారణాలు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ లెక్కలు చూసినవాళ్ళు, ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళు. రెండోది, రీసర్వే. రీసర్వే అయిన ఊర్లలో పాత సర్వే నెంబర్ల బదులు ఎల్.పి.ఎం. నెంబర్లు వస్తున్నాయి. పాత నెంబరుకి ఏ కొత్త నెంబర్ వచ్చిందో ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే మీ పిల్లలకి ఆ ప్రైమరీ కీ ఉండదు. నడికుడి–శ్రీకాళహస్తి రైల్వే లైను వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా వేస్తున్నారు కదా, భూసేకరణ వచ్చినప్పుడు అధికారులు అడిగేది కూడా ఇదే, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అని.

వచ్చే ఎపిసోడ్‌లో గొలుసుకట్టు రాత చదవడం నేర్చుకుందాం. మా ఊళ్ళో ఒక తాత గారు నేర్పిస్తానన్నారు, సాయంత్రం ఆరు తర్వాత అయితేనే, సీరియల్ అయిపోయాక.