పాత కారుకు గడప ముందరే వైద్యం

పాతబస్తీ: చార్మినారు వెనుక సందుల్లో ఆదివారం పొద్దున్నే బనియనుతో ఒకాయన కారు బానెట్టు కింద తల దూర్చి కనిపిస్తే ఆయన మెకానిక్కే కానక్కరలేదు. ఆ కారు యజమానే కావచ్చు. పక్కన రేకు డబ్బాలో నాలుగు పానాలు, చిరిగిన చొక్కా పేలిక, చల్లారిపోతున్న చాయ్. ఆయనకు ఇది సరదా కాదు. షెడ్డుకు తోలితే మజూరీ కింద పోయే డబ్బు ఇంట్లోనే మిగలాలని ఈ పాట్లు.

ఈ సందుల్లోనే చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపురంగు రోల్స్ రాయిస్ అద్దాల మాటున మెరుస్తూ నిలబడి ఉన్నది. దానికేం, చూసుకునేవారున్నారు. గల్లీలో దుమ్ము కొట్టుకున్న మారుతీ 800కు మాత్రం యజమానే దిక్కు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ 796 సీసీ మూడు సిలిండర్ల బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంతకుముందే, 2000 ప్రాంతాల్లో, ప్రీమియర్ పద్మిని కథ ముగిసింది. అయినా సామాను దొరకడం గగనమేమీ కాదు. ఓమ్నీ వ్యానుకూ అదే జాతి ఇంజను. మూసీ దాటితే గోషామహల్‌లో విప్పిన బళ్ళ భాగాలు గుట్టలుగా ఉంటాయి. గురువారం నాడు జుమేరాత్ బజారు ఉండనే ఉన్నది. అయితే తలుపులు, అద్దాలు, దీపాలు పాతవి కొనవచ్చు గానీ బ్రేకు సామాను మాత్రం కొత్తదే కొనాలి.

ఇంటి వైద్యానికి అసలు పరీక్ష 2020 అక్టోబరులో వచ్చింది. 13వ తేదీ రాత్రి కుండపోత కురిసింది. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగింది. ఫలక్‌నుమా, హఫీజ్ బాబానగర్ ప్రాంతాల్లో వీధులు ఏరులై బళ్ళు నీట మునిగాయి. నీరు తీసిన తర్వాత ఎవరికైనా ముందు చేయాలనిపించేది తాళం తిప్పి చూడటం. అదే కొంప ముంచేది. గాలి అయితే పిస్టను కింద అణుగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీళ్ళుండగా స్టార్టు చేస్తే కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఇక ఇంజను మొత్తం విప్పవలసిందే.

చేయవలసింది వేరు. ముందు బ్యాటరీ ఎర్తు వైరు విప్పాలి. ప్లగ్గులన్నీ తీసి, టాపు గేరులో వేసి బండిని మెల్లగా తోస్తే లోపలి నీరు ప్లగ్గు రంధ్రాల నుంచి చిమ్ముకొస్తుంది. ఆయిలు పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీరు కలిసిందన్నమాట. దానిని, ఫిల్టరును మార్చి, కాసేపు నడిపి, మళ్ళీ మార్చాలి. గేరుబాక్సు ఆయిలు మరవరాదు. బ్రేకు డ్రమ్ములు విప్పి ఆరబెట్టాలి. కార్బొరేటరు బండికి ఈ చికిత్స గుమ్మం ముందే సాగుతుంది. కొత్త కార్లలో నీరు కంప్యూటరు పెట్టెలోకి చేరితే పానాతో పని కాదు.

మామూలు రోజుల్లో పని తక్కువే. ప్లగ్గు విప్పి మూతి చూస్తే ఇంజను ఒంట్లో ఎలా ఉన్నదో తెలుస్తుంది. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. ఆయిలు తడి ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి. రేడియేటరు మూత వేడి మీద విప్పితే ముఖం కాలుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్ళకోసారి మార్చాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరడం మాత్రం ఎంతటి ఉస్తాదుకైనా తగదు. స్టాండు పెట్టాలి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేయాలి.

ఈమధ్య కొత్త చిక్కు పెట్రోలుతోనే వచ్చింది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకులకు చేరింది. పాత బళ్ళ రబ్బరు గొట్టాలు, కార్బొరేటరు వాషర్లు దీనికోసం చేసినవి కావు. మెత్తబడతాయి, పగులుతాయి. బండిలో పెట్రోలు వాసన వస్తే బీడీ ఆర్పి ముందు గొట్టాలు చూడాలి. ఇథనాలుకు తట్టుకునే గొట్టాలు కొని బిగిస్తే కొద్ది ఖర్చుతో పెద్ద అగ్గి తప్పుతుంది.

సర్కారు రుసుము వేరే. 15 ఏళ్ళు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను తిరిగి చేయించాలి. అది ఐదేళ్ళకే చెల్లుతుంది. 600 రూపాయలుండే కేంద్ర రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. బండి ఖరీదుతో పోల్చితే ఇది చిన్న మొత్తం కాదు. అందుకే పరీక్షకు వెళ్ళేముందు బ్రేకులు, దీపాలు, హారను, పొగ ఇంట్లోనే సరిచూసుకోవడం మేలు. తప్పితే మళ్ళీ తిరగాలి.

పట్నంలో పాత చిన్న కారు బేరమాడే పల్లె రైతులు రంగు చూసి మురిసిపోరాదు. ముందు కాళ్ళకింద చాప ఎత్తి నేల రేకును వేలితో నొక్కాలి. సీటు పట్టాల కింద ఎండిన ఒండ్రు ఉన్నదేమో గోకి చూడాలి. ఉంటే ఆ బండి వరదలో మునిగి లేచిందే. అప్పుడు బేరం కొత్తగా మొదలుపెట్టవచ్చు.